కత్తి ఆగిన చోట

సినిమాలో మద్దిలేటికి నలభై మూడు తప్పులు దొరికినాయి.

మొదటిరోజు మార్నింగ్ షోకే పోయినాడు. ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో సెల్లు లైటు. పక్క సీటాయన "లైటు ఆర్పు నాయనా, కండ్లల్లో కొడతాండాది" అని రెండుసార్లు చెప్పినా ఆర్పలేదు. వచ్చింది చూసేదానికి కాదు, పట్టుకునేదానికి.

ఆ సినిమా అంటే ఊరికి ఊరే ఎగిరిపడుతున్న రోజులవి. ముప్ఫై ఏండ్ల కిందట పిల్లల మాసపత్రికలో నెలనెలా వచ్చిన బొమ్మల కథ 'నల్లకోన సిద్ధడు'ని సినిమా తీసినారు. రెండొందల ఎనభై ఏండ్ల నాటి పాలెగాడి కథ. దాన్ని గీసింది ఈ ఊరి హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన ఖాజా ఐవారు. తెర మీద 'మూలకథ, బొమ్మలు: ఖాజా' అని పడగానే హాలంతా లేచి నిలబడింది. మద్దిలేటీ లేచినాడు. మా ఐవారు అని ఛాతీ ఇంత పొంగింది. మళ్ళీ కూర్చుని పెన్ను మూత తీసినాడు.

వాడు డిగ్రీ రెండో ఏడులో హిస్టరీ లెక్చరర్ చెప్పిన తేదీని క్లాసులోనే సరిదిద్దినోడు. ఆయన "ఇంక నీకు నేనెందుకప్పా" అంటే, నిజమే కదా అనుకుని కాలేజీ నుంచే బయటికొచ్చేసినోడు. మూడేండ్లుగా ఖాజా ఐవారి దగ్గర బొమ్మలు నేర్చుకుంటున్నాడు. నేర్చుకోవడమంటే, గళ్ళకు గీతలు కొట్టేది, ఐవారు చుక్క పెట్టిన చోట నల్లరంగు నింపేది. పేజీ కింద మూలన చీమంత అక్షరాల్లో 'ఖాజా' అని ఉంటుంది. దాని పక్కన ఇంకో పేరుకు చోటు ఉందని మద్దిలేటికి ఎప్పుడూ అనిపిస్తుంది.

"నా పేరు ఎప్పుడు ఐవారూ?" అని మూడేండ్లలో నాలుగుసార్లు అడిగినాడు.

"చెప్తాలే," అంటాడాయన. అంతే.

ఈసారి మాత్రం అడిగేదానికి చేతిలో సరుకు ఉంది. సినిమా వదలగానే నేరుగా ఐవారి ఇంటికి పోయి, నోటుబుక్కు తెరిచి, నిలబడే చదివినాడు. సంతలో టమాటాలు. సిపాయి చొక్కాకు జిప్పు. పదిహేడోది, కోటగోడ మీద కిరసనాయిలు లాంతరు.

"ఆ కాలంలో కిరసనాయిలు యాడిది ఐవారూ? మీ కథను నాశనం చేసినారు. ఇది పేపరుకు పంపుతా. కింద 'ఖాజాగారి శిష్యుడు మద్దిలేటి' అని పెట్టుకుంటా. మీరు సరే అంటే చాలు."

ఐవారు కుంచె కడుగుతున్నాడు. నీళ్ళు తేటపడే దాకా కడిగి, విదిలించి, అప్పుడు అడిగినాడు.

"లాంతరు దగ్గర ఏం జరిగిందబ్బీ?"

"అదే చెప్తున్నా కదా. లాంతరు వచ్చింది. ఆ కాలంలో..."

"వచ్చినాక?"

మద్దిలేటి నోటుబుక్కులో వెతికినాడు. లాంతరు వచ్చినాక వాడు తల వంచుకుని లాంతరు గురించి రాసుకుంటున్నాడు. మళ్ళీ తలెత్తేసరికి గుర్రాలు పరిగెత్తుతున్నాయి.

ఐవారు గడ్డం తడుముకున్నాడు.

"మాసింది. ఎల్లప్ప దగ్గరికి పోదాం పా. ఆ బుక్కు కూడా తీసుకో."

ఎల్లప్ప సెలూన్‌లో ఒకటే కుర్చీ, ఒకటే అద్దం. బెంచీ పైన చెక్క మీద పాత పత్రికలు, అంచులు అరిగి దూదిలా అయినవి. 'నల్లకోన సిద్ధడు' అచ్చయినవీ వాటిలో ఉన్నాయి, మద్దిలేటి పుట్టక ముందువి, వాడు ఎప్పుడూ తెరిచి చూడనివి. అక్కడికొచ్చే వాళ్ళకొక అలవాటు ఉంది. తల వెనక్కి వాల్చి, పత్రికను రెండు చేతులతో మొహం మీదికి ఎత్తి పట్టుకుని, గడ్డం గీస్తుంటే చదువుతారు. ఎల్లప్ప ఏమీ అనడు. గొంతు దగ్గర మాత్రం జాగ్రత్త. అవతలోడు గుటక మింగితే గొంతుముడి కదులుతుంది. అది కదిలితే కత్తి ఆగాల. నలభై ఏండ్లలో ఒక్క గొంతు కూడా తెగలేదని ఎల్లప్పకు పొగరు.

కుర్చీలో బేల్దారి మేస్త్రి ఒకాయన నురగతో ఉన్నాడు. ఐవారు నోటుబుక్కు తీసుకుని ఆయన చేతిలో పెట్టినాడు.

"మేస్త్రీ, మావాడు రాసినాడు. చదువు."

మేస్త్రి ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెట్టినాడు. కత్తి నడుస్తోంది. సర్... సర్... మద్దిలేటి చెవి సన్నటి చెవి. ఆ చప్పుడు చెంప మీద ఒక రకంగా, గొంతు కింద ఇంకో రకంగా ఉండడం కూడా విన్నాడు. ఎక్కడా తెంపు లేదు. మేస్త్రి నాలుగు పేజీలూ చదివినాడు. గడ్డమూ అయిపోయింది.

"అంతా కరెక్టే ఉండాది," అన్నాడు మేస్త్రి లేస్తూ. "టమాటాల సంగతి నాకు తట్టనే లేదు. ఎవురు, ఈ అబ్బేనా రాసింది? మంచి తెలివైనోడు సామీ."

మద్దిలేటి వెన్ను నిటారైంది. ఓరకంట ఐవారి వైపు చూసినాడు. ఐవారు చెక్క మీద ఏదో వెతుకుతున్నాడు.

తర్వాత లారీ డ్రైవరు కూర్చున్నాడు. ఇంత లావు మీసం, ఎర్రటి కండ్లు. పక్క జిల్లా మనిషి. ఖాజా ఎవరో తెలీదు, సినిమా ఏదో తెలీదు. ఐవారు పాత పత్రిక ఒకటి దులిపి ఆయనకిచ్చినాడు. డ్రైవరు నడుమ ఎక్కడో తెరిచి పైకెత్తినాడు.

సర్... సర్... పేజీ తిరిగింది. సర్... సర్...

ఆగింది.

మద్దిలేటి తలెత్తినాడు. ఎల్లప్ప కత్తిని గాల్లోకి లేపి పట్టుకుని, ఓపిగ్గా నిలబడినాడు. నురగ కింద డ్రైవరు గొంతుముడి పైకి పోయి, కిందికి దిగింది. మళ్ళీ పైకి పోయింది.

"తొందరేం లేదులే," అన్నాడు ఎల్లప్ప. "ఆ పేజీ కాడ నాకు అలవాటే."

మద్దిలేటి లేచి డ్రైవరు భుజం మీది నుంచి వంగి చూసినాడు. మూడు గళ్ళు. మొదటి దాంట్లో కోట లోపల మనుషులు తలలు దించుకుని ఉన్నారు, సిద్ధడు చచ్చిపోయిన కబురు వాళ్ళకు వచ్చింది. రెండో దాంట్లో గోడ మీద సిద్ధడి తల్లి, ఆమెకింకా ఎవరూ చెప్పలేదు. దోవ వైపు చూస్తోంది. చేతిలో లాంతరు. మూడో గడిలో ఆమె చెయ్యి మాత్రమే ఉంది. లాంతరు మర తిప్పి వత్తి తగ్గిస్తోంది.

పైన ఒక్క మాట: 'ఆలస్యమైతాదేమో. వాడు వచ్చే దాకా నూనె ఉండనీ.'

మద్దిలేటి గొంతులో కూడా ఏదో కదిలింది. నోటుబుక్కు తీసి పదిహేడో నంబరు చూసుకున్నాడు. కింద రెండు గీతలు గీసి మరీ రాసుకున్నాడు దాన్ని.

"ముందు దివిటీ గీసినా," అన్నాడు ఐవారు. "అచ్చుకు ఇచ్చే ముందు నెలరోజులు ఇక్కడే పెట్టినా. కత్తి ఆగలే. దివిటీకి వత్తి తగ్గించే మర ఉండదు కదా."

"కానీ తప్పు తప్పే కదా ఐవారూ?"

"తప్పే. నలభై మూడూ తప్పులే. జిప్పు మాత్రం నేను గీయలే, అది వాళ్ళ సొంతం. సిపాయి చచ్చిపోతా ఉంటే ఆ జిప్పు చూసి హాల్లో నవ్వినారంట. అది రాయి, గట్టిగా రాయి."

అని, డ్రైవరు లేచిపోయినాక, కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చినాడు.

మద్దిలేటి ఆ జాబితా పేపరుకు పంపలేదు. మరుసటి రోజు మళ్ళీ సినిమాకు పోయినాడు, చేతులు ఖాళీగా. లాంతరు వచ్చినప్పుడు తెర మీద కాసేపు చూసి, తర్వాత పక్క సీట్ల వైపు చూసినాడు.

ఆ నెలంతా కూర్చుని ఒక పేజీ గీసినాడు. సిద్ధడు యుద్ధానికి పోయేది. జీను, కత్తి పిడి, తలపాగా చుట్టు, అన్నీ పుస్తకాలు తిరగేసి సరిచూసినవి. ఐవారు దాని వైపు కూడా చూడలేదు.

"నాకెందుకు? ఎల్లప్పకు ఇచ్చిరా."

మద్దిలేటి రెండు వారాలు సెలూన్ బయట గోడకానుకుని నిలబడినాడు. అందులో ఆ కాలానిది కాని వస్తువు ఒక్కటీ లేదు. కత్తీ ఆగలేదు.

ఇంకోటి గీసినాడు. దాంట్లో యుద్ధం లేదు. సిద్ధడి గుర్రాల కాపరి సాయంత్రం రెండు గడ్డిమోపులు మోసుకొస్తాడు. లాయంలో ఒకటే గుర్రం ఉంటుంది. ఒక మోపు దానికి వేస్తాడు. కాసేపు నిలబడతాడు. రెండో మోపు కూడా విప్పి, ఖాళీ తొట్టిలో వేసి, చేత్తో సర్దుతాడు. జీనూ, తలపాగా ఇందులో కూడా సరిగ్గానే ఉన్నాయి.

అది పెట్టిన నాలుగో రోజు, లోపల ఎవరో గడ్డం గీయించుకుంటున్నారు. బయట మద్దిలేటి కండ్లు మూసుకుని విన్నాడు. సర్... సర్... కాగితం చప్పుడు. సర్...

బజారు చప్పుడంతా వినపడింది, అదొక్కటి తప్ప.

వాడు లోపలికి పోలేదు. ఆ మనిషి బయటికొచ్చి, చెంప తడుముకుంటా, ఎటు పోవాలో మర్చిపోయినట్టు మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి, పోయినాడు. అప్పుడు లోపలికి పోయి పేజీ తీసుకుని, మద్దిలేటి నడుచుకుంటూ ఐవారి ఇంటికొచ్చినాడు. పరిగెత్తలేదు. ఈసారి నిలబడి చదవలేదు, చాప మీద కూర్చున్నాడు.

ఐవారు కుంచె కడుగుతున్నాడు.

"ఆగిందా?"

"ఆగింది."

"ఎవురు గీసినారని అడిగినాడా?"

మద్దిలేటి ఆ మనిషి మొహాన్ని ఇంకోసారి గుర్తు చేసుకున్నాడు.

"అడగలే."

ఐవారు నీళ్ళు విదిలించి, సన్న పాళీ పెన్ను తుడిచి, వాడి ముందుకు జరిపినాడు.

"అయితే పెట్టుకో, నీ పేరు."