దవడ దాటిన క్రాంకు

మదనపల్లె సైకిళ్ల ఉస్తాద్ మౌలాలికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా ఆయన నోటితో జవాబు చెప్పడు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెడతాడు. ఆ పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరుకుతుంది, కొందరికి ఒళ్లు మండుతుంది. ఒళ్లు మండినవాళ్లు పక్క వీధి అంగడికి పోతారు, మిగిలినవాళ్లు ఆయనకు శిష్యులవుతారు.

రెడ్డిరాణి మిగిలిన రకం. ఇరవై ఆరేళ్ల మనిషి. పగలు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది, సాయంత్రం ఉస్తాద్ అంగట్లో పానా పట్టుకుంటుంది. కొండలెక్కే కొత్త బండి ఒకటి తన చేతులతోనే కట్టుకుంటోంది. ఫ్రేము స్టాండుకు వేలాడుతోంది, చక్రాలు సిద్ధంగా ఉన్నాయి, క్రాంకు ఒక్కటే తక్కువ. క్రాంకంటే మరేం లేదు, పెడల్‌ను పట్టుకుని తిప్పే ఇనపచెయ్యి. ఆ సాయంత్రం ఆమె ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని కూర్చుని అడిగింది.

“ఉస్తాద్, కొండెక్కే బండికి అన్నిటికన్నా మంచి క్రాంకు ఏది?”

అడగడమైతే అడిగింది గానీ, ఆమెకు కావలసింది జవాబు కాదు, మెప్పు. బెంగుళూరు నుంచి తెప్పించుకున్న నల్లటి కార్బన్ క్రాంకు ఆ పెట్టెలోనే ఉంది మరి. నూట డెబ్బై అయిదు మిల్లీమీటర్ల పొడుగు, దానికి గొలుసు తిప్పే ముప్పై ఆరు పళ్ల చక్రం. తిరుపతి దీపశ్రీ బండికి ఉన్నది అచ్చం అదే. సోమలబండ కొండ మీద జరిగే పందెంలో మూడేళ్లుగా మొదట వస్తున్నది ఆ దీపశ్రీయే.

మూడేళ్లుగా రెడ్డిరాణి ఓడిపోతున్నదీ ఆ పందెంలోనే. కొండ సగం దాటాక ముప్పై గజాల రాళ్ల దారి ఉంది. రాళ్లు పళ్లలాగా పొడుచుకొచ్చి ఉంటాయని చుట్టుపక్కల వాళ్లు దాన్ని దవడ అంటారు. అక్కడికి వచ్చేసరికి ప్రతి ఏడూ ఆమె కాలు నేల మీద పడుతుంది. ఒకసారి కాలు దించితే ఆ ఎగువలో మళ్లీ ఎక్కి తొక్కడం అయ్యే పని కాదు, బండిని తోసుకుంటూ పోవాల్సిందే. మొదట వచ్చినవాళ్లకే రాష్ట్ర జట్టులో చోటు. వచ్చే ఏటికి రెడ్డిరాణికి వయసు దాటిపోతుంది, కాబట్టి ఈ ఏడు జరగబోయేదే ఆమెకు ఆఖరి పందెం. ఆ మాట పైకి అనదు గానీ నాలుగు నెలలుగా దాంతోనే లేస్తోంది, దాంతోనే పడుకుంటోంది.

ఉస్తాద్ పెట్టె వంక చూశాడు, మూత తియ్యలేదు. “ఆదివారం పొద్దున పాత బండి తీసుకోని రా,” అన్నాడంతే.

ఆదివారం దవడ మొదట్లో ఆయన ఒక డబ్బాలో సున్నం కలిపాడు. పాత బండి క్రాంకు పొడుగు కూడా నూట డెబ్బై అయిదే. దాని పెడళ్లకు, క్రాంకు కొసలకు సున్నం దట్టంగా పూసి, “తొక్కు,” అన్నాడు. తొక్కింది. కాలు పడింది. మళ్లీ పూశాడు. మళ్లీ తొక్కింది, మళ్లీ పడింది. మూడోసారి మోచెయ్యి గీరుకుపోయింది. ఉస్తాద్ నింపాదిగా తమలపాకు నములుతూ, “ఇప్పుడు బండి పక్కన పెట్టి నడిచిరా. తెల్లరాళ్లు లెక్కపెట్టు,” అన్నాడు.

పద్నాలుగు. రెడ్డిరాణి ఒక్కో రాయి దగ్గర వంగి చూసింది. ప్రతి రాతి నెత్తినా పెడల్ కొట్టుకుని అంటిన వేలెడు సున్నం మరక. ఆమె అక్కడే కూలబడింది. మూడేళ్లుగా తన కాళ్లను తనే తిట్టుకుంది. తెల్లారకముందే లేచి గుంజీలు తీసింది, పచ్చిగుడ్లు తాగింది, ఇంట్లో ఎవరూ చూడకుండా ఏడ్చింది.

“నా కాళ్లలో సత్తువ లేదనుకుంటి ఉస్తాద్,” అంది.

“సత్తువ లేకుంటే రాళ్లకు సున్నం ఎవరు కొట్టినారు?” అన్నాడాయన.

ఆ తర్వాత ఆయన చెప్పిందేమీ లేదు. ఆమే బడి నుంచి స్కేలు తెచ్చి కొలిచింది. చాలా రాళ్ల దగ్గర పెడల్ తగులుతున్నది ఒక సెంటీమీటరు లోపే. అంటే క్రాంకు ఒక సెంటీమీటరు పొట్టిదైతే చాలు, నూట అరవై అయిదు. పొట్టి క్రాంకుకు ఊపు తగ్గుతుంది కాబట్టి ముందు చక్రం పళ్లూ తగ్గాలి. ముప్పై ఆరు కాదు, ఇరవై ఎనిమిది. ఆ అంకె కాగితం మీద రాసుకోవడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పందెంలో నలుగురూ నవ్వుతారని తెలుసు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. కొత్త ఫ్రేము అడుగున క్రాంకు ఇరుసు దూరే గొట్టంలో వేలు పెట్టి చూస్తే లోపల మరలు తగిలాయి. దానికి ఇరుసును పట్టి ఉంచే, మరతో బిగించే బాటమ్ బ్రాకెట్ కప్పులే పడతాయి. కార్బన్ క్రాంకు ఇరుసేమో లావుది, మరలు లేని గొట్టం కోసం చేసింది. నెల రోజులు పటాలు చూసి, పదిమందిని అడిగి తెప్పించుకున్న మనిషి తన ఫ్రేములో వేలు పెట్టి చూసుకోవడమే మరిచిపోయింది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. పెట్టెను వచ్చినదారినే పంపేసి, మామూలు అల్యూమినియం క్రాంకు, దానికి సరిపోయే కప్పులు తెచ్చుకుంది.

బిగించే రోజు కుడి కప్పు ఎంతకీ ఎక్కలేదు. పావుగంట కుస్తీ పట్టింది. ఉస్తాద్ ఎదురుగా కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు. ఒక్క మాట చెబితే ఈయన సొమ్మేం పోతుందని ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పును వెలుతురులో పెట్టి మరను చూసుకుంటే అప్పుడు తెలిసింది, కుడి పక్క మర ఎదురు తిరుగుతుందని. ఎడమకు తిప్పితే వెన్నలా దిగింది. కొత్త బండికి సున్నం పూసి దవడ మీద తొక్కి చూసింది. తెల్లరాళ్లు మూడు. ఆ మూడింటి దగ్గర రెండు పెడళ్లనూ నేలకు సమంగా ఆపి దాటడం వారం రోజుల్లో నేర్చుకుంది.

పందెం రోజు గీత దగ్గర దీపశ్రీ వంగి చూసి నవ్వింది. “ఏందక్కా, ఇరవై ఎనిమిది పళ్లా? పిల్లోళ్ల బండిది పీకి పెట్టినావా?” పక్కనున్నవాళ్లు పకపకమన్నారు. రెడ్డిరాణి చెవులు వేడెక్కాయి.

మొదటి రెండు మైళ్లు చదునుదారి. చిన్న చక్రంతో కాళ్లు గిరగిరా తిరుగుతున్నా బండి ముందుకు పోవడం లేదు. ఒక్కొక్కరే దాటిపోయారు. తొమ్మిదో మనిషైంది. తప్పు చేశానా అన్న భయం పట్టుకుంది. ఎగువ మొదలయ్యాక భయం తగ్గింది. ముందున్నవాళ్లు సీటు మీంచి లేచి నిలబడి, పళ్లు బిగించి తొక్కుతుంటే ఆమె కూర్చున్న చోటే ఊపిరి తీసుకుంటూ ముగ్గురిని దాటింది. అయిదుగురు మిగిలారు.

దవడలోకి వచ్చేసరికి ముందు నుంచి టక్కు టక్కుమని పెడళ్లు రాళ్లకు కొట్టుకుంటున్న చప్పుడు. ఒకామె కాలు దించింది. ఇంకొకామె బండితో సహా పక్కకు ఒరిగింది. మిగతావాళ్లు దిగి తోస్తున్నారు. మూడేళ్లు ఏ కాలూ నేల తాకకుండా ఆ రాళ్లు దాటిన దీపశ్రీ కూడా వాళ్ల మధ్య చిక్కి, సందు దొరక్క ఆగిపోయింది. ఎడమ అంచున మిగిలిన మూరెడు దారిలో రెడ్డిరాణి బండి దూరింది. ఒక రాయి, ఇంకో రాయి, పెడళ్లు సమంగా, మళ్లీ తొక్కు. ముప్పై గజాలు. కాలు దిగలేదు.

కొండ కొసకు చేరేసరికి వెనక కనుచూపు మేరలో మనిషి లేడు. బడిపిల్లలు ఈలలేస్తూ చుట్టుముట్టారు. రెడ్డిరాణి హ్యాండిల్ వదలకుండానే నవ్వింది, నవ్వుతూనే భోరున ఏడ్చింది. ఆ సంతోషం ఆమె ఒంట్లో పట్టలేదు. రెండో మనిషిగా వచ్చిన దీపశ్రీ బండి దిగి, నేరుగా వచ్చి ఆ క్రాంకు ముందు కూర్చుని పళ్లు లెక్కపెట్టుకుంది. “యాడ దొరికిందక్కా ఇది?” అని మర్యాదగా అడిగింది.

పాలవ్యానులో పైకొచ్చిన ఉస్తాద్ అప్పటికే గుడ్డతో బండికి పట్టిన దుమ్ము తుడుస్తున్నాడు. రెడ్డిరాణి కళ్లు తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది.

“నూట అరవై అయిదు అని ఆ పొద్దే ఒక్క మాట చెప్పింటే సరిపోయేది కదా ఉస్తాద్. ఎందుకు చెప్పలేదు?”

ఆయన తుడవడం ఆపలేదు. “చెప్పింటే, ఆ రాళ్ల నడుమ నువ్వు నన్ను తల్చుకుంటా ఉండేదానివి,” అన్నాడు.