తలపాగా ఎక్కిన కారు

గవ్వలపాడు జమీందారు భూపతిరాయలు గారు సరదాపడి పందేల కారు కొన్నారు. కానీ ఆయన ఎక్కితే తలపాగా కదలకూడదు, కారు పల్లకీలా సాగాలి. అదీ ఆ సంస్థానం మర్యాద.

"దొరా, నేనొక్కణ్ణే జోరుగా పోతూ మలుపు తిరిగినప్పుడల్లా స్టీరింగు దగ్గరి ఆయిల్ దీపం ఎర్రగా వెలిగి ఆరిపోతోందండీ. ఇంజను కాలిపోతుందేమో," అన్నాడు డ్రైవరు మస్తాను.

దొర కారెక్కి, తలపాగా కదలకుండా మెల్లగా ఊరంతా తిరిగొచ్చారు. దీపం వెలగనే లేదు.

"నాతోనే అబద్ధాలా? రేపట్నుంచి పనిలోకి రాకు!" అన్నారు.

అది విన్న వంటమనిషి తిరపాలమ్మ ఒక గిన్నెలో అడుగు మునిగేంత మజ్జిగ పోసి తెచ్చింది. "తలపాగా నాకిచ్చి, ఈ గిన్నె పట్టుకుని ఇంకోసారి ఎక్కండి దొరా. మస్తానూ, నువ్వు రోజూ ఒక్కడివే పోయినట్టు జోరుగా పోనీ," అంది.

మొదటి మలుపులోనే మజ్జిగంతా ఒక పక్కకి పోయి గిన్నె అడుగు బయటపడింది. సరిగ్గా అప్పుడే దీపం వెలిగింది.

"ఆయిల్ తగ్గిందిరా! ముందు పోయించు," అని దొర కేకపెట్టారు.

తిరిగొచ్చాక, "ఇంజను సంగతి నీకెలా తెలుసే?" అని అడిగారు.

"నాకేం తెలుసు దొరా? మొదటిసారి కారెక్కింది మీరు కాదు, మీ తలపాగా అని మాత్రం తెలుసు."

ఆనాటి నుంచి ఎవరు మొర చెప్పుకోవడానికొచ్చినా, దొర తలపాగా తీసి పక్కన పెట్టాకే వినేవారు.