పిలుపు అందని లాతీర్

అప్పుడెప్పుడో, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, పడమటి ఆఫ్రికాలో, సజ్జ చేలు పండే సెరేర్ జనం నేల మీద లాతీర్ అనే పశువుల కాపరి ఉండేవాడు. నా అన్నవాళ్ళు లేరు. ఊరందరి ఆవులూ వాడే మేపేవాడు.

ఆ ఊళ్ళో కొన్నేళ్ళకొకసారి, కోతలయ్యాక, ఈడొచ్చిన మగపిల్లలను ఊరవతల దడి కట్టి అందులో ఉంచేవారు. దాన్ని న్దూత్ అంటారు. అక్కడ సున్తీ చేస్తారు, పాటలు నేర్పుతారు, పెద్దల సంగతులు చెబుతారు. అందులోంచి వచ్చినవాడే మగాడు. వాడికే పెళ్ళి, వాడికే నలుగురిలో మాట.

లాతీర్ ఈడువాళ్ళు లోపలికెళ్ళిన ఏడు వాడు దూరపు బీళ్ళలో ఆవుల దగ్గరున్నాడు. తిరిగొచ్చి వాళ్ళను అడిగాడు.

"లోపల ఏముందిరా?"

"వస్తే తెలుస్తుంది."

ఇంకో న్దూత్ వచ్చింది. అప్పుడూ ఆవుల దగ్గరే. వాళ్ళ తమ్ముళ్ళను అడిగాడు. "వస్తే తెలుస్తుంది." మరో న్దూత్ వచ్చింది. వాళ్ళ కొడుకులను అడిగాడు. అదే మాట. గాలి ఇటు తిరిగినప్పుడు లోపలి పాట సగం వినిపించేది. మిగతా సగం ఏమిటా అని ఆవుల వెనక నడుస్తూ తెగ ఆలోచించేవాడు.

జుట్టు నెరిసింది. ఊరు ఇంకా "ఒరే పిల్లాడా" అనే పిలిచేది.

ఒక ఏడు కర్ర పక్కన పడేసి, న్దూత్ నడిపే పెద్దాయన వాలీ దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, నేనూ వస్తా."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. వాలీ నవ్వలేదు.

"ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు లాతీర్?"

"నన్నెవరూ పిలవలేదయ్యా."

నవ్వులు ఆగిపోయాయి. నిజమే. వాణ్ణి పిలిస్తే ఆవులను తోలుకెళ్ళేదెవరు?

వాలీ లేచి వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి మీ ఆవులను మీరే మేపుకోండి" అన్నాడు ఊరివాళ్ళతో.

మనవళ్ళ ఈడు పిల్లల మధ్య లాతీర్ చాప పరుచుకున్నాడు. కత్తి చూడగానే వాడూ వెనక్కి జరిగాడు. పక్కనున్న కుర్రాడు, "పాడు తాతా, నొప్పి తెలీదు" అన్నాడు. పాడాడు. ఈసారి పాట మొత్తం పాడాడు.

బయటికొచ్చిన రోజు డోళ్ళు మోగాయి. చిన్నపిల్లలు వాడి చుట్టూ మూగారు.

"తాతా, తాతా, లోపల ఏముంది?"

"వస్తే తెలుస్తుంది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

కొన్ని వానాకాలాలు గడిచాక లాతీర్ పోయాడు. పెద్దమనుషుల సరసనే పూడ్చారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో న్దూత్ దడి మూసేముందు, పెద్దాయన బీళ్ళ వైపు తిరిగి మూడుసార్లు కేకేస్తాడు. "ఇంకా ఎవరైనా ఉన్నారా? రండి!" కేకేసి, చెవి ఒగ్గి నిలబడతాడు. ఏ ఏడాదో ఒకసారి, చాలా దూరం నుంచి, "ఆగండయ్యా, వస్తున్నా!" అని వినిపిస్తుంది. అంతా ఆగుతారు.