కాలని పాపపురుషుడు

"యం బీజంతో ఎండగడుతున్నాను, రం బీజంతో కాలుస్తున్నాను. తెల్లారేసరికి వాడు మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడు. నా ఉచ్చారణలో దోషమేమైనా ఉందా స్వామీ?" అని యజ్ఞపతి ఒకనాడు గురువుగారిని అడిగాడు.

వాడంటే పాపపురుషుడు. జపానికి ముందు చేసే భూతశుద్ధిలో, మనిషి పాపమంతా కడుపులో ఎడమపక్క బొటనవేలంత నల్లటి పురుషుడై ఉన్నాడని భావించాలి. వాణ్ణి గాలి బీజంతో ఎండబెట్టి, అగ్ని బీజంతో దహించి, ఆపైన నీటి బీజంతో ఒళ్ళు చల్లబరచుకోవాలి. ఇవన్నీ యజ్ఞపతి పొల్లుపోకుండా చేసేవాడు.

వాడి ముఖం ఎలా ఉంటుందని అడిగారు గురువుగారు సదానందులు. యజ్ఞపతి శాస్త్రంలోని వర్ణన అప్పజెప్పబోయి, ఆయన చూపుకు తాళలేక నిజం చెప్పేశాడు. అది తమ్ముడు అచ్యుతం ముఖం. తండ్రి పోయినప్పుడు పెద్దకొడుకు వచ్చేదాకా ఆగకుండా తలకొరివి పెట్టేసిన తమ్ముడు. ఏరు పొంగి ఇతనికే ఆలస్యమైంది, శవాన్ని ఎంతకాలం ఉంచుతారని ఊళ్ళో నలుగురూ నచ్చజెప్పినా చెవికెక్కలేదు. అప్పటినుంచి ఆ గడప తొక్కలేదు.

ఆ వారంలోనే కబురొచ్చింది. అచ్యుతం మంచం పట్టాడు, అన్నా అన్నా అని కలవరిస్తున్నాడు. వెళ్ళమన్నారు గురువుగారు. మండలదీక్ష ముగింపుకొచ్చింది, అది కాస్తా పూర్తిచేసి శుద్ధుడినై వెళతానన్నాడు శిష్యుడు. ఆయన మళ్ళీ చెప్పలేదు. గురువులతో వచ్చిన చిక్కే అది, ఒక్కమాట అని ఊరుకుంటారు.

తీరా వెళ్ళేసరికి అచ్యుతాన్ని వసారాలో దర్భల మీద పడుకోబెట్టి ఉన్నారు. పిల్లల్లేని మనిషి. కొరివి అన్నయ్య చేతనే పెట్టించమని చెప్పి పోయాడట.

"మీకోసమే ఉంచాం బావగారూ" అంది మరదలు. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, అందుకే యజ్ఞపతి తలెత్తలేకపోయాడు. శ్మశానంలో అతని చేతికి కొరివి ఇచ్చారు. ఇన్నాళ్ళూ మనసులో కాల్చిన ముఖం కళ్ళెదుటే కాలింది.

మైల తీరాక ఆశ్రమానికి తిరిగొచ్చి జపానికి కూర్చున్నాడు. నల్లటివాడు అక్కడే ఉన్నాడు. ఈసారి ముఖం తనది. రం అనకుండానే లోపల భగ్గుమంది. ఆ మంటకు ఓర్చుకోలేక గబగబా నీటి బీజం అందుకున్నాడు.

గురువుగారు ఎప్పుడు వచ్చారో, వెనకనుంచి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇవాళే అంటుకుంది నాయనా. అప్పుడే ఆర్పుకోకు."