కామేశం మాస్టారి గాలిపాట

పది రోజుల్లో కచేరీ ఉందనగా విశాలి వేణువు బొంగురుపోయింది.

కాకినాడలో మొదటిసారి తన పేరు మీద వేదికెక్కబోతోంది. పన్నెండేళ్ళు కామేశం మాస్టారి దగ్గర కూర్చుని సంపాదించుకున్న నాదం ఆమెది. ఊటబావి నీళ్ళలా తేటగా ఉండేది. ఇప్పుడు ఏ స్వరం పట్టినా బుస్సుమంటోంది.

ఇదంతా గాలిపాట తెచ్చిన తంటా.

కామేశం మాస్టారంటే మాటలా! ముప్పై ఏళ్ళు కృతులు వాయిస్తే వంక పెట్టిన మనిషి లేడు. అక్కడితో ఆగి హాయిగా శాలువాలు కప్పించుకోవచ్చు కదా? ఊహూఁ. పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదే దావీదుని పక్కన కూర్చోబెట్టుకుని కల్యాణి రాగం వాయించారు. పెద్దలంతా ముక్కున వేలేసుకున్నారు. జర్మనీ వెళ్ళి అక్కడి డ్రమ్ములవాళ్ళతో కలిసి వాయించి వచ్చారు. ఆ తర్వాత వచ్చిందే గాలిపాట. సగం స్వరం, సగం ఊపిరి. వాన ముందు తాటితోపులో తిరిగే గాలిలా ఉండేది. మొదట తిట్టిపోసినవాళ్ళే తర్వాత కళ్ళు తుడుచుకుంటూ విన్నారు. ఏం మనిషండీ! అలాంటి వాయింపు ఇంకొకరి దగ్గర వింటామా అని నాకు అనుమానమే.

సభవాళ్ళు విశాలిని కోరిందీ అదే. “చివర్లో మీ గురువుగారి గాలిపాట ఉండి తీరాలమ్మా” అన్నారు. ఈ పిల్ల సరేనంది.

మూడు నెలలు కుస్తీ పట్టింది. వేణువుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. పెదవులు వంకర పెట్టింది. కింది పెదవి చిట్లి నెత్తురు వచ్చినా వదల్లేదు. గాలిపాట రాలేదు సరికదా, ఉన్న నాదం కూడా పోయింది.

ఆ ఉదయం మాస్టారింటికి వెళ్ళి ఎదురుగా కూర్చుని భోరుమంది.

“మాస్టారూ, అన్నీ నేర్పారు. అదొక్కటీ నా దగ్గర దాచారు.”

“దాచానమ్మా. సిగ్గేసి దాచాను” అన్నారాయన.

గోడవైపు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పక్కనున్న స్టీలు గ్లాసులో ఏదో టక్కున పడింది. వేణువు అందుకుని వాయించారు.

అదే గాలిపాట! విశాలి ఒళ్ళు జలదరించింది. ఆయన ఆపాక గ్లాసులోకి తొంగి చూసింది. నీళ్ళ అడుగున రెండు కట్టుడు పళ్ళు ఉన్నాయి. వేదిక మీద గాలిపాటకు ముందు ప్రతిసారీ మాస్టారు వెనక్కి తిరిగి మంచినీళ్ళ గ్లాసు ఎత్తడం ఇందుకా!

మాస్టారు పళ్ళు పెట్టుకుని ఇటు తిరిగారు.

“తునిలో కచేరీ. రైలు దిగుతూ బోర్లా పడ్డాను. ముందు పళ్ళు రెండూ పోయాయి. సాయంత్రానికి హాలు నిండా జనం. ఊదితే గాలి ఆగదే! ఎంత పట్టి ఉంచుదామన్నా పారిపోతోంది. ఏం చెయ్యను? ఆ పోయే గాలినే పాటలో కలుపుకున్నాను.”

విశాలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ రెండు పళ్ళ కోసమా తను మూడు నెలలుగా పెదవులు చింపుకుంది!

మెల్లగా అడిగింది. “మరి సభవాళ్ళకి మాటిచ్చేశాను కదా మాస్టారూ?”

“అయితే నువ్వూ రెండు పళ్ళు ఊడగొట్టుకో” అన్నారు మాస్టారు, వేణువు ఆమె చేతిలో పెడుతూ. “అంత ఇష్టం లేదంటావా, ఉన్న ముప్పై రెంటితో ఏం పలుకుతుందో వెతుక్కో.”