రాములవారికని దిద్దిన బండి

తులశమ్మగారు ఏ ప్రశ్నకూ అవుననీ కాదనీ జవాబు చెప్పేవారు కారు. కొండ కింద ఆశ్రమంలో వంటసాల ముందు అరుగు మీద కూర్చుని, చేతికందిన పని ఏదో ఒకటి చేసుకుంటూ, తానెరిగిన మనుషులకు జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. చెప్పడం అయ్యాక దాని మీద వ్యాఖ్యానం ఉండేది కాదు. అడిగినవాళ్ళు ఇంటికి పోయి, అన్నం కలుపుకునేటప్పుడో బట్టలు ఆరేసుకునేటప్పుడో తలుచుకోవలసిందే.

ఒకనాడు కామాక్షి అనే శిష్యురాలు ఆమె పక్కన కూర్చుని, ఆమెతో పాటు చింతపండులో గింజలు తీస్తూ అడిగింది. "అమ్మా, దేవుడికని పక్కన పెట్టినదాన్ని మధ్యలో ఇంకొకరి అవసరానికి వాడవచ్చునా? వాడితే అది మళ్ళీ దేవుడికి పనికొస్తుందా?"

కామాక్షి వేకువన జపానికని ఒక గంట నియమంగా పెట్టుకుంది. సరిగ్గా ఆ గంటలోనే ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కావలసి వస్తోంది. ఆ సంగతి తులశమ్మగారికి తెలుసు. తెలిసీ ఆమె అటు పోలేదు.

"మా పుట్టింటి వైపు చెంచయ్య అని ఒక డ్రైవరుండేవాడు" అని మొదలుపెట్టారు.

చెంచయ్యకు మీసం వచ్చిన నాటినుంచీ ఒకరి బండి తోలడమే పని. ఒకరి బండి, ఒకరి సరుకు, ఒకరు వెళ్ళమన్న ఊరు. నడివయసు దాటాక, ఒకనాడు పాత ఇనుము కొట్టులో పికప్ వ్యాను ఒకటి అతని కంటబడింది. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక సరుకు వేసే తొట్టి. అంతకుముందు కోళ్ళ ఫారం వాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, ఇక కదలనంటే తెచ్చి అక్కడ పడేశారు. తలుపుల్లేవు, అడుగు రేకు జల్లెడైపోయింది. చెంచయ్య దాని చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, బేరం చేశాడు. ట్రాక్టరుకు మోకు కట్టించి ఇంటికి లాక్కొచ్చాడు.

అతని భార్య నాగరత్నం గుమ్మంలోకి వచ్చి చూసింది. "బండి తెస్తానని పోయి బండి పీనుగుని తెచ్చావేంది? దీన్ని తోలేదా, దీనికి దినం పెట్టేదా?" అంది.

ఒక్కసారిగా బాగుచేయించే తాహతు లేదు గనుక ఆ బండికి ప్రాణం విడతలు విడతలుగా వచ్చింది. ఇంజను ఒక పాత జీపుది. తలుపులు రెండూ రెండు వేరే బండ్లవి. సీటు, రద్దయిన బస్సులోంచి తెచ్చి రెగ్జిన్ కుట్టించినది. తొట్టిలో తుప్పు రేకంతా కోయించి, పొలంలో ఎండిన తుమ్మ చెట్టు ఉంటే దాన్ని పలకలుగా కోయించి పరిచాడు. టైర్లు, అరిగినవాటికి కొత్త రబ్బరు అతికించిన రీబటన్‌వి. చేతిలో నాలుగు రాళ్ళు పడినప్పుడల్లా చెంచయ్య సంత నుంచి కూరగాయలకు బదులు ఒక బోల్టో, ఒక దీపమో పట్టుకొచ్చేవాడు. "నా చెవులకు లేని మెరుగు దాని చక్రాల గుబ్బలకు పెడతన్నాడు" అని నాగరత్నం వీధిలో అందరికీ చెప్పేది. చెబుతూనే బస్సు సీటుకు తన పాత చీరతో తొడుగు కుట్టింది.

రంగు వేసేది మస్తాను. పక్క వీధివాడే, చెంచయ్యను బాబాయ్ అని పిలుస్తాడు. సొట్టల్లో లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, నున్నగా చేశాక అడిగాడు.

"ఏ నీలం కావాలి బాబాయ్?"

"రాములోరి ఒంటి నీలం."

"ఆ నంబరు రంగుల కార్డులో లేదే. కలిపి చూస్తాలే."

ఆ నీలం ఎందుకంటే, చెంచయ్యకు ఒక కోరిక ఉంది. శ్రీరామనవమికి ఊళ్ళో ఉత్సవ విగ్రహాలను ఏటా గుడి పెద్ద పున్నారావుగారి ట్రాక్టరు మీద ఊరేగిస్తారు. చెంచయ్య ఆయన ముందు తలగుడ్డ తీసి నిలబడి, "బతుకంతా ఒకళ్ళ బండ్లో ఒకళ్ళ సరుకు మోశానండి. నాదంటూ ఒక బండి అయింది. దాంట్లో మొట్టమొదట ఆయన ఎక్కాలండి" అన్నాడు.

పున్నారావుగారు కాదనలేదు. "సరేరా చెంచయ్యా. కానీ స్వామి ఎక్కేదాకా దాంట్లో ఇంకే సరుకూ ఎక్కకూడదు. ఎంగిలి పడ్డ బండిలో దేవుణ్ణి కూర్చోబెట్టామని రేపు నలుగురూ నన్ను అనకూడదు" అన్నారు.

ఆ మాట చెంచయ్య గుండెలో కూర్చుంది. తొట్టి పలకలను పసుపునీళ్ళతో కడిగాడు. మస్తాను చెప్పులతో ఎక్కబోతే దించాడు. పొరుగువాడు తవుడు బస్తా కొంచెంసేపు పెట్టుకుంటానంటే పెట్టనివ్వలేదు. అరటి బోదెలు కట్టడానికి నాలుగు మూలలా ఇనుప కమ్మీలు నిలబెట్టించాడు, పక్క పలకల మీద శంఖచక్రాలు వేయించాడు.

"ఈ తొట్లో కోళ్ళు ఎన్ని రెట్టలేసినయ్యో రాములోరికి తెలీదంటావా బాబాయ్?" అన్నాడు మస్తాను, చక్రానికి అంచు దిద్దుతూ.

"అది పాత జన్మ. నోరు మూసుకుని గియ్యి."

నవమి ముందురోజు పొద్దున ఆఖరి పూత వేశారు. బండి నీలంగా, తడిగా మెరుస్తూ వాకిట్లో నిలబడింది. చెంచయ్య అన్నం కూడా అరుగు మీదే, దానికి ఎదురుగా కూర్చుని తిన్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి పడమర మబ్బు లేచింది. అది మిర్చి ఎండబెట్టే కాలం. ఊరవతల కల్లాల నిండా ఎర్రగా కాయ పరిచి ఉంది. ఉన్నవాళ్ళు సందేహం రాగానే ట్రాక్టర్లలో కాయ ఎత్తేసి మిర్చి యార్డుకు బయలుదేరారు. లేనివాళ్ళు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

ఏసురత్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. కాలువ అవతలి పేటలో ఉంటుంది. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు చేస్తోంది. ఏడాది కష్టమంతా ఆ పల్లపు కల్లంలో పరిచి ఉంది. వాన పడితే నీళ్ళు కిందనుంచి చేరతాయి. తడిసిన కాయ తెల్లబోయి తాలుకాయ కిందికి పోతుంది, అప్పుడది కౌలుకు కూడా చాలదు.

"అన్నా, కాయ మీద కప్పను పట్టా ఏదైనా ఉంటే ఇయ్యి. నాది చాలట్లేదు" అంది.

చెంచయ్య దగ్గర కొత్త పట్టా ఉంది. బండి మీద దుమ్ము పడకుండా కప్పడానికి కొన్నది. తెచ్చి ఇచ్చాడు. ఆమె అది చంకలో పెట్టుకుని ఒక్క క్షణం బండి వైపు చూసింది. అది ఎవరికోసం నిలబడి ఉందో ఊరందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు. ఏటా ఊరేగింపు కాలువ దాకా వచ్చి వెనక్కి తిరుగుతుందని కూడా తెలుసు. ఏమీ అడగలేదు. "వస్తానన్నా" అని పరుగెత్తింది.

చెంచయ్య అక్కడే నిలబడిపోయాడు. గాలి లేచి వాకిట్లో కాగితాలు ఎగరగొట్టింది. పట్టా పైన కప్పితే కిందనుంచి వచ్చే నీటిని ఏది ఆపుతుంది? ఆ కల్లం ఎంత పల్లమో అతనికి తెలియంది కాదు. బండి వైపు చూశాడు. పున్నారావుగారి మాట గుర్తొచ్చింది. మబ్బు వైపు చూశాడు.

నాగరత్నం గుమ్మంలోనుంచి అంది: "పట్టా ఇచ్చావుగా, నీ ధర్మం అయిపోయింది. ఇంక లోపలికొచ్చి పడుకో."

చెంచయ్య ఆమె వైపు ఒకసారి కోపంగా చూసి, మేకుకున్న తాళంచెవి అందుకున్నాడు.

"బాబాయ్, రంగు ఆరలేదు! చెయ్యి తగిలితే ఊడొస్తది!" అని అరిచాడు మస్తాను.

"తెలుసు. ఎక్కు."

"చెప్పులు?"

"ఏడ్చావులే, ఎక్కు!"

అప్పటిదాకా దెప్పుతున్న నాగరత్నం ఒక్క పరుగున వంటింట్లోకి పోయి, పచ్చడికి తెచ్చిన నిమ్మకాయలు రెండు పట్టుకొచ్చి ముందు చక్రాల కింద పెట్టింది. ఒకటి పక్కకు దొర్లిపోయింది. "ఒకటి చాల్లే, పోనీ" అని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి తనే తొట్టిలోకి ఎక్కింది.

కల్లంలో మాట్లాడేందుకు ఊపిరి లేదు. తట్టలతో, గోతాలతో, చివరికి చీర కొంగులతో కాయ ఎత్తి పోశారు. కారం పొడి లేచి కళ్ళల్లో, ముక్కుల్లో పడింది. మస్తాను తుమ్మి తుమ్మి, "పిన్నీ, దేవుడి బండిరా అని పది పూతలు నున్నగా రుద్దించుకున్నాడు, ఇప్పుడు చూడు దీని అందం!" అన్నాడు. నిజమే. ఆరని రంగుకు తొడిమలు, గింజలు, ఎండు కాయలు అంటుకుపోయాయి. తలుపు మీద ఏసురత్నం అరచేయి ముద్ర పడింది. శంఖం సగం తుడుచుకుపోయింది. మెరక మీద వాడకం లేని, పొగాకు కాల్చే బ్యారను కొట్టం ఉంది. అక్కడ దింపి, మళ్ళీ వచ్చి, మళ్ళీ నింపి, వాన మొదలయ్యాక కూడా తోలాడు చెంచయ్య. రెండు దీపాల్లో ఒకటే వెలుగుతోంది. పాత జీపు ఇంజను బురదలో మూలిగింది కానీ ఆగలేదు.

"మొత్తం దక్కిందని చెబితే కథ అందంగా ఉంటుంది" అన్నారు తులశమ్మగారు. "మొత్తం దక్కలేదమ్మా. ఒక మూల తడిసింది. మిగతాది నిలిచింది."

వాన వెలిశాక పున్నారావుగారు గొడుగు ముడుచుకుంటూ చెంచయ్య వాకిట్లోకి వచ్చారు. కబురు అప్పటికే ఊరంతా తిరిగింది. బండి చుట్టూ ఒకసారి నడిచి, తలుపు మీది చెయ్యి ముద్ర దగ్గర ఆగారు.

"మాటిచ్చావు కదరా."

"ఇచ్చానండి. తప్పాను."

ఆయన గొడుగు నీళ్ళు దులిపారు. చెడ్డ మనిషేం కాదు. "ఆ కల్లం చూస్తే నేను మాత్రం ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు. కానీ రేపు నలుగురికీ జవాబు చెప్పాల్సింది నేను. ఈసారికి ట్రాక్టరే కడదాం" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆ అమ్మి కాయ దక్కిందా?" అని అడిగారు. దక్కిందన్నాడు చెంచయ్య. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

మర్నాడు ఊరేగింపు వచ్చింది. ట్రాక్టరు చెంచయ్య ఇంటి ముందు, అన్ని ఇళ్ళ ముందూ ఆగినట్టే ఆగింది. నాగరత్నం కొబ్బరికాయ, కర్పూరం ఉన్న పళ్ళెం అందించింది. చెంచయ్య చేతులు జోడించాడు. గోళ్ళ సందుల్లో నీలం రంగు, వేళ్ళన్నీ కారంతో వాచి ఎర్రగా ఉన్నాయి. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి లేదు, ఆ చేతులు కళ్ళకు తగిలితే మంట. అందుకని అలాగే కారనిచ్చాడు. కారం వల్లనా, ఇంకెందువల్లనా అని అడిగినవాళ్ళు లేరు. గొడుగు కింద రాములవారు అటూ ఇటూ ఊగుతూ ముందుకు సాగిపోయారు. మేళం వీధి మలుపు తిరిగేదాకా అతను చేతులు దించలేదు.

ఆ సాయంత్రం మస్తాను ఉప్పుకాగితం పట్టుకుని వచ్చాడు. "ఊరికే కొడతా బాబాయ్, కూలొద్దు. గింజలన్నీ గీకేసి మళ్ళీ ఒక పూత వేస్తా. వచ్చే నవమికన్నా రాములోరు ఎక్కుతాడు."

చెంచయ్య తలుపు మీద వేలు పెట్టి చూశాడు. కాయలు, గింజలు గట్టిగా పట్టేసి ఉన్నాయి. "వచ్చే నవమి దాకా ఖాళీగా పెట్టేదుంటే గదరా గీకేది. ఏసురత్నం రేపు పొద్దున్నే కాయ మళ్ళీ కల్లానికి తోలమంది. డీజిలుందో లేదో చూడు" అన్నాడు.

ఆ తరవాత ఆ బండి ఖాళీగా నిలబడిన రోజు లేదు. కాయ, పత్తి, గడ్డి, పెళ్ళి సామాను, అన్నీ ఎక్కేవి; నడవలేని ముసలివాళ్ళూ ఎక్కేవారు. నవమి వచ్చినప్పుడల్లా చెంచయ్య ఏదో ఒక బరువుతో ఏదో ఒక దారిలో ఉండేవాడు. అడగడానికి అతనికి తీరికా దొరకలేదు, పున్నారావుగారూ పిలవలేదు.

తులశమ్మగారు ఒడిలోని గింజలు చేటలోకి దులిపారు. కామాక్షి ఇంకా ఏదో ఉందని ఎదురుచూసింది. లేదు.

"పాపం, అంత ఆశపడి చేయించుకున్నాడు" అంది చివరికి. "అయితే రాములవారు ఆ బండి ఎక్కనే లేదన్నమాట."

తులశమ్మగారు చేట పట్టుకుని లేచారు.

"ఊరివాళ్ళు ట్రాక్టరు ఎక్కించారు, తల్లీ. ఆయన ఏది ఎక్కాడో నాకు తెలియదు."