తీతువు అరవని ఉదయం

అనగనగా అడవి అంచున, సముద్రానికి దగ్గర్లో ఒక పెద్ద మడుగు ఉండేది. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పక్షులో వచ్చి అక్కడ దిగేవి.

ఆ మడుగుకు కాపలా ఒక తీతువు. మీరు తీతువును చూసి ఉండరు, పిల్లలూ. పొడుగు కాళ్ళ పిట్ట. నేల మీదే గుడ్లు పెడుతుంది. కొత్త అలికిడి వింటే చాలు, అందరూ ఉలిక్కిపడేలా అరుస్తుంది. ఆ అరుపు చావు కబురు తెస్తుందని మనుషులు తిట్టుకుంటారు. మడుగు పక్షులు మాత్రం ఆ అరుపు కోసమే దానికి కాపలా అప్పగించాయి.

ఎందుకంటే వెనకటి ఏడు ఆ మడుగుకు మెడవాలు జబ్బు వచ్చింది. జబ్బు పక్షికి మెడ నిలవదు. అది దిగిన నీళ్ళు తాగితే ఇంకో పక్షికీ అంతే. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. పొద్దున్నే ప్రతి పక్షీ తన తామరాకు మీది మంచునీళ్ళు తాగి, తీతువు ముందు మెడ ఎత్తి మింగాలి. అన్ని మెడలూ లేస్తే తీతువు "అంతా క్షేమం" అంటుంది. అప్పుడే అందరూ మడుగులో దిగాలి. ఏ మెడ అయినా లేవకపోతే తీతువు మూడుసార్లు అరుస్తుంది. ఆ రోజు అందరూ ఒడ్డెక్కి విడివిడిగా ఉండాలి. మెడ లేవని పక్షి ఒంటరిగా మడుగు అవతలి తుమ్మదిబ్బకు పోవాలి.

ఆ ఏడు మొదట ఒక ముసలి బాతు వచ్చింది.

"ఏమ్మా, ఇన్ని మెడలు చూస్తుంటే నీ మెడ పట్టెయ్యలేదూ?" అని నవ్వుతూ నీళ్ళు తాగింది. దాని మెడ లేవలేదు.

"దూరం నుంచి ఎగిరొచ్చాను కదా, అలసట" అంది బాతు.

"అలసటైతే రేపు లేస్తుంది తాతా. ఇవాళ్టికి దిబ్బకు పో" అంది తీతువు. మూడుసార్లు అరిచింది.

బాతు వెళ్ళింది. తిరిగి రాలేదు.

నాలుగు రోజులకు నీటికోడి పెద్దపిల్ల మెడ లేవలేదు.

"నిద్రమత్తు, వదినా. ఇంకోసారి తాగిస్తాను" అంది నీటికోడి.

తాగించింది. లేవలేదు.

"ఒక్కపూట నా రెక్క కింద పెట్టుకుంటాను. అదెప్పుడూ ఒంటరిగా పడుకోలేదు."

"నీ రెక్క కిందే నీ చిన్నది కూడా పడుకుంటుంది కదా" అంది తీతువు.

"నీ బిడ్డకైనా ఇదే మాట చెబుతావా?"

"చెబుతాను."

అప్పుడు తీతువు అబద్ధం ఆడలేదు. నిజంగానే అలా అనుకుంది.

పెద్దపిల్ల పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "అత్తా, మెడ లేచాక రావచ్చా?"

"నేను పిలుస్తాను. పిలిచినప్పుడు రా" అంది తీతువు.

మరి కొన్నాళ్ళకు, ఒక తెల్లవారుజామున, ఎప్పటిలాగే తీతువు అందరికన్నా ముందుగా తన పిల్లకు నీళ్ళు పట్టింది. దానికి ఉన్నది ఒక్కటే పిల్ల. అది తాగింది. మెడ పక్కకు వాలిపోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ వాలింది. మూడోసారి పట్టడానికి తీతువుకు ధైర్యం చాలలేదు.

"అమ్మా, చలేస్తోంది" అంది పిల్ల.

'చలికే అయ్యుంటుంది. ఒక్కరోజు చూస్తాను. రేపటికి తేలిపోతుంది' అనుకుంది తీతువు. నీటి ఒడ్డున, సగం నీళ్ళలో మునిగిన ఒక గడ్డిదుబ్బులో పిల్లను దాచింది.

పక్షులన్నీ వచ్చాయి. అన్ని మెడలూ లేచాయి.

"నీ బంగారు తల్లి ఏది వదినా?" అని అడిగింది నీటికోడి.

"పడుకుంది. దాన్ని ముందే చూశాను" అంది తీతువు. చూసిన మాట నిజమే.

తర్వాత మెల్లగా అంది: "అంతా క్షేమం."

పక్షులు బిలబిలమంటూ నీళ్ళలో దిగాయి. నీటికోడి తన చిన్నదాన్ని వెంటేసుకుని ఆ గడ్డిదుబ్బు పక్కనుంచే ఈదుకుంటూ పోయింది.

తీతువు పిల్ల ఆ సాయంత్రమే చనిపోయింది.

మర్నాడు ఏడు మెడలు వాలాయి. ఆ మర్నాడు లెక్క తెలియలేదు. తీతువు అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. అందరూ ఒకే నీళ్ళు తాగిన తర్వాత ఒడ్డెక్కి ఏం లాభం?

నీటికోడి తన చిన్నదాని పక్కనే బురదలో పడి ఉంది. తీతువు వెళ్ళి దాని పక్కన నిలబడింది. జరిగింది చెప్పింది. నీటికోడి తిట్టలేదు.

"పెద్దదాన్ని ఇప్పుడు పిలవకు వదినా. అక్కడే ఉండనీ" అంది. అంతే.

కొన్ని రోజులకు మడుగులో చప్పుడు లేకుండా పోయింది. ఒక పొద్దున దిబ్బ మీదినుంచి పిలుపు వినిపించింది.

"అత్తా, నా మెడ లేచింది. చూశావా? రావచ్చా? అమ్మకు చెప్పు."

తీతువు మడుగంతా చూసింది. నీళ్ళలో ఎవరూ కదలడం లేదు.

"ఇంకా వద్దమ్మా" అంది, మిగిలిన కాస్త గొంతుతో.

ఆ పిల్ల ఇప్పటికీ రోజూ నీళ్ళు తాగి, మెడ ఎత్తి చూపిస్తుంది. తీతువు రోజూ చూస్తుంది. ఇంటికి రమ్మని పిలవడానికి అక్కడ ఇల్లు లేదు.

నీతి: అందరి బిడ్డలకూ పెట్టిన కట్టుబాటును మన బిడ్డ కోసం ఒక్కపూట దాటినా, ఆ పూటే అందరి బిడ్డలనూ ముంచుతుంది.